లోపల ఎవరూ లేరు

మా అక్కకి కొత్త ఉద్యోగం వచ్చిన రోజున, అదేం ఉద్యోగమో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "ఛేంజ్ మేనేజరట!" అని నాన్న గుమ్మంలోంచే కేకేశాడు. అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి, "ఛేంజ్ అంటే చిల్లరేగా? ఇన్నేళ్ళు ఆఫీసులో చేసి, ఇప్పుడు కిటికీలో కూర్చుని చిల్లర మార్చడమేంటే తల్లీ?" అంది. అక్క నవ్వాపుకోలేక గోడకి చేరగిలబడింది.

నవ్వు తగ్గాక చెప్పింది. "మా కంపెనీవాళ్ళు పనంతా కంప్యూటర్లలోకి మారుస్తున్నారు పిన్నీ. మెషిన్లంటే కొంటే వచ్చేస్తాయి. మనుషులు కూడా మారాలిగా? వాళ్ళతో మాట్లాడి, నేర్పించి, భయం పోగొట్టి, సరే అనిపించాలి. అదే నా పని."

"సరే అనిపించడానికి జీతం కూడానా? మీ బాబాయి చేత ఇన్నేళ్ళుగా ఉత్తినే అనిపిస్తున్నాను" అంది అమ్మ.

అక్క అంటున్నాను గానీ ఆమె మా పెదనాన్న కూతురు. తల్లి లేని పిల్ల. లారీ మీద ఊళ్ళు తిరిగే పెదనాన్న, బడికెళ్ళే వయసు రాగానే ఆమెను మా ఇంట్లో దింపి వెళ్ళాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా చుట్టంలాగే వచ్చాడు. మా నాన్నకి నేనెంతో ఆమె అంతకన్నా ఒక పిసరు ఎక్కువే. చిన్నప్పుడు దీనికి నేను బాగా ఏడ్చేదాన్ని. నాకు కోపం ఎక్కువ, ఆమెకి ఓర్పు ఎక్కువ. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటే, ఇంత పిల్లప్పుడే మధ్యలో దూరి ఇద్దరి బిందెలూ తనే నింపి పంపేసేది. ఎదుటివాళ్ళు ఆమెకి కాదని చెప్పలేకపోయేవాళ్ళు. పాడు ముఖం, అంత మంచిది.

నాన్న పని కూడా అదే కంపెనీలో, వాళ్ళ కోల్డ్ స్టోరేజీలోనే. అక్క పైన లెక్కల గదిలో గుమాస్తా, నాన్న కింద మెషిన్ రూములో ఆపరేటరు. కూరగాయలు, చేపలు, మందులు అన్నీ దాచే ఆ పెద్ద గదుల్లో చల్లదనమంతా అమ్మోనియా వల్ల వస్తుంది. పైపుల్లో ఉన్నంతసేపూ అది ఊరికి అన్నం పెడుతుంది. పైపు దాటి బయటికొస్తే ముందు కళ్ళు పోతాయి, తర్వాత గొంతు, ఆ తర్వాత మనిషి. ఈ మాట నాన్న మమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. వంటింట్లో గ్యాసు కట్టేశావా అని అడిగినంత మామూలుగా చెప్పేవాడు.

ఆ మెషిన్ రూముకి ఒక పద్ధతి ఉండేది. లోపలికెళ్ళేవాడు చెప్పులు తలుపు బయట, గోడ వారగా విడిచి గమ్‌బూట్లు తొడుక్కోవాలి. బయట ఎన్ని జతలుంటే లోపల అంతమంది ఉన్నట్టు. ఎవరి చెప్పులు ఎవరివో అందరికీ తెలుసు. ఏదైనా తేడా వస్తే ముందు ఆ వరస చూసేవాళ్ళు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియని పద్ధతి అది. కాగితం మీద ఎక్కడా లేదు.

అక్క చేరిన ప్రాజెక్టు జట్టుకి పై అంతస్తులో అద్దాల గది ఇచ్చారు. కుర్చీలకింకా ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. జట్టులో కంప్యూటర్ కుర్రాళ్ళు కొందరు, వాళ్ళమీద ఒక పెద్దాయన. ఎప్పుడూ గోడమీద వెలుగు తెర దింపి, దానికి వీపు పెట్టి మాట్లాడతాడు కాబట్టి కింద మనుషులు ఆయనకి తెర సారని పేరు పెట్టారు. మంచి సూటు, మెత్తటి గొంతు. అక్కని ఏరి తీసుకున్నది ఆయనే. "వీళ్ళంతా నిన్ను నమ్ముతారు. నాకు కావలసింది ఆ నమ్మకమే" అన్నాడట మొదటిరోజే. అక్క మురిసిపోతూ వచ్చి ఆ మాట మాకు చెప్పింది. అమ్మ మాత్రం ముఖం చిట్లించింది. "కావలసింది నీ పని అనాలిగానీ, వాళ్ళ నమ్మకం ఆయనకెందుకు?" అంది. ఆ పూట అమ్మ మాట ఎవరం పట్టించుకోలేదు.

కొత్త పద్ధతి వినడానికి బాగానే ఉంది. మెషిన్ రూము తలుపు పక్కన ఒక చిన్న పెట్టె బిగించారు. ప్రతి మనిషికీ ఒక కార్డు. లోపలికెళ్ళేటప్పుడు పెట్టెకి కార్డు తాకించాలి, బయటికొచ్చేటప్పుడు తాకించాలి. లోపల ఎంతమంది ఉన్నారో, ఎవరెవరున్నారో పైన తెర మీద పేర్లతో సహా కనిపిస్తుంది. ఎంతమంది సరిగ్గా కార్డు వాడుతున్నారో నూటికి ఇంత అని ఒక గీత పైకీ కిందకీ పోతూ ఉంటుంది. ఆ గీత నూరు దగ్గర నిలబెట్టడం అక్క బాధ్యత.

క్యాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టి అక్క ఓపిగ్గా చెప్పింది, చేసి చూపించింది. చివర్లో, "ఎవరికైనా ఏమైనా ఇబ్బంది ఉంటే చెప్పండి, తిట్టినా పర్లేదు" అంది. ఎవరూ మాట్లాడలేదు. అంతా తలలు ఊపి లేచారు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ అది పెళ్ళిచూపులకి. ఆ మనుషులకి ఏదైనా నచ్చితే తిడతారు. కొత్త గమ్‌బూట్లు వస్తే రంగు బాగాలేదని, మడమ కొరుకుతోందని వారాల తరబడి సణిగి, తర్వాత అవే అరిగేదాకా వాడారు. అలాంటివాళ్ళు నోరు విప్పలేదంటే ఏదో ఉందని అనుమానించాలి. అక్కకీ అనుమానం వచ్చింది.

"ఒక్కళ్ళు కూడా తిట్టలేదు బాబాయ్" అంది ఆ సాయంత్రం, కాళ్ళు కడుక్కుంటూ.

"నువ్వు మా పిల్లవి. నిన్నెవరు తిడతారే?" అన్నాడు నాన్న.

ఆయన ముద్దుగానే అన్నాడు. 

మొదటి రోజుల్లో ఆ గీత లేవనే లేదు. కార్డు తీయాలంటే చేతికున్న దళసరి తొడుగు విప్పాలి. పెట్టె ఒక్కో కార్డుకీ ఆలోచించి ఆలోచించి గానీ కూయదు. వెనక మనుషులు నిలబడిపోతారు. ఒకడు వెళ్ళేటప్పుడు తాకిస్తే వచ్చేటప్పుడు మరిచిపోతాడు. లోపల ఎవరూ లేనప్పుడు తెర మీద సగం మంది ఉన్నట్టు కనిపించేది. ఇదంతా అక్కకి చెబితే ఆ పెట్టె మార్పించి ఉండేదేమో. వీళ్ళు చెప్పలేదు.

ఒకరోజు టీ వేళకి అందరూ పెరట్లో నిలబడి ఉండగా, పైన అద్దాల గదిలో తెర సారు అక్కని నిలబెట్టి మాట్లాడుతున్నాడు. మాట వినపడదు, వేలు కనపడుతుంది. ఆ వేలు తెర మీది గీతకీ అక్క ముఖానికీ మధ్య చాలాసేపు తిరిగింది. అక్క తల వంచుకుని నిలబడింది. కింద ఉన్నవాళ్ళంతా ఆమెను గౌను వేసుకున్న రోజుల నుంచి ఎరిగినవాళ్ళు. నాన్నకి క్యారియరు తెచ్చి వాళ్ళ చేతుల మీద పెరిగిన పిల్ల. ఎవరూ టీ తాగలేదట.

"మన పిల్లకి మాట రాకూడదు" అన్నాడు తాళాల మామయ్య. ఆయన మాకు చుట్టం కాదు. స్టోరు తాళాలన్నీ ఆయన నడుముకే ఉంటాయి కాబట్టి ఆ పేరు. నాన్నతో పాటే చేరినవాడు. తలుపు దగ్గరే ఉండేది ఆయన ఒక్కడే కాబట్టి, అందరి కార్డులూ ఒక గుడ్డసంచీలో వేయించుకుని మెడకి తగిలించుకున్నాడు. పని మొదలవగానే అన్నీ వరసగా తాకించి లోపలికి పంపేసేవాడు. టీ గంటకి అన్నీ తాకించి బయటికి తెచ్చేసేవాడు. మనుషులు ఎక్కడున్నా కార్డులు మాత్రం క్రమశిక్షణగా తిరిగేవి. నాన్న కార్డు ఆ సంచీలోనే ఉందన్న సంగతి మా అమ్మకీ నాకూ తర్వాత తెలిసింది.

గీత ఒక్కసారిగా లేచి నూరు దగ్గర నిలబడింది. అక్క మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చింది. "నూటికి నూరు పిన్నీ! ఒక్కళ్ళు కూడా తప్పలేదు. నేను వాళ్ళని నమ్మాను చూడు, అందుకే" అంటూ అమ్మ నోట్లో తనే పెట్టింది. నాన్న ఒక ముక్క తీసుకుని, కళ్ళు చిన్నవి చేసుకుని, "భేష్" అన్నాడు. వాపు చూసి బలుపనుకోవడమంటే అదే. కానీ ఆ రోజు ఆమె ముఖం అలా వెలిగిపోతుంటే ఎవరికైనా నిజం చెప్పబుద్ధి పుట్టేది కాదు.

ఆ తర్వాత కొద్దిరోజులకి అక్క చెప్పుల వరస తీయించేసింది. పాతది కళ్ళముందు ఉన్నంతకాలం కొత్తది అలవాటు కాదని ఆమెకిచ్చిన శిక్షణలో చెప్పారట. భవనం వెనకవైపు చెప్పులకి ఇనప అరలు పెట్టించి, మెషిన్ రూము బయట గోడకి తెల్లరంగు వేయించింది. గోడ కొత్తగా, శుభ్రంగా తయారైంది. నాన్న దానికీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి భోజనం దగ్గర మాత్రం, "తలుపు దగ్గరికెళ్తే ఏదో పరాయి చోటికి వెళ్ళినట్టుంది" అన్నాడు.

అమ్మ వడ్డించడం ఆపింది. "అయితే ఆ మాట దానికి చెప్పొచ్చుగా?"

"దాని మొదటి పని. అడుగడుగునా మనమే అడ్డం పడితే ఎలా?"

అక్క అప్పటికి మాట తగ్గించింది. పైపైకి నవ్వేది గానీ ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేది. బరువు బాధ్యతలనుకున్నాం. నాన్న మాత్రం తన ధోరణిలో మరో మాట చెబుతూ ఉండేవాడు. "మూలనున్న వాల్వు సన్నగా కూస్తోంది. మెషిన్ల హోరులో ఎవరికీ వినపడటం లేదు. టీ వేళ అందరూ బయటికెళ్ళాక ఒకసారి దగ్గర నిలబడి వినాలి." అందులో మాకు భయపడేదేమీ కనపడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఒక్క మాటలోనే అంతా ఉంది. టీ వేళకి ఆయన కార్డు బయటికొచ్చేస్తుంది. ఆయన రాడు.

ఒకరోజు టీ వేళ నేను పనిచేసే మందుల షాపులో ఉన్నాను. కోల్డ్ స్టోరేజీకి మా షాపు దగ్గరే. సైరను మోగింది. కాసేపటికే గాలి ముక్కుని కోసింది. షాపు యజమాని షట్టరు లాగేస్తుండగానే నేను తడిగుడ్డ ముఖానికి కట్టుకుని గేటు వైపు పరుగెత్తాను. గాలి అవతలి వైపు తిరిగింది కాబట్టి పెరట్లో నిలబడగలుగుతున్నారు. పనివాళ్ళంతా గుంపుగా ఉన్నారు, దగ్గుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. అగ్నిమాపక బండి అప్పుడే వచ్చి ఆగింది.

వాళ్ళ అధికారి దిగుతూనే అడిగాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

అక్క చేతిలో పలకలాంటి తెర ఉంది. ఆమె దాన్ని చూసి, స్థిరంగా చెప్పింది. "ఎవరూ లేరండి. సున్నా."

"సిస్టం ఉందండీ మాకు, ఒక్క మనిషి ఉన్నా పేరుతో సహా చూపిస్తుంది" అన్నాడు పక్కనున్న తెర సారు. ఆ పరిస్థితిలో కూడా ఆ గొంతులో గర్వం వినపడింది.

"నయం. అయితే మావాళ్ళని లోపలికి పంపను. బయట్నుంచి నీళ్ళు కొడదాం, గాలి పలచబడేదాకా ఆగుదాం" అన్నాడు అధికారి. ఆయన తప్పేమీ లేదు. లోపల ఎవరూ లేని గదికి ప్రాణాలొడ్డి ఎవరిని పంపుతాడు?

నేను గుంపులో నాన్న కోసం వెతుకుతున్నాను. ఒకాయన్ని అడిగితే ఇక్కడే ఉండాలమ్మా అన్నాడు. ఇంకొకాయన పంపుల వైపు వెళ్ళాడేమో అన్నాడు. అప్పుడు తాళాల మామయ్య కనిపించాడు. అందరికీ దూరంగా, మెడలోని సంచీని రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడి ఉన్నాడు. 

"మామయ్యా, నాన్నేడి?"

ఆయన అక్క వైపు చూశాడు. తెర సారు వైపు చూశాడు. నీళ్ళు నమిలాడు. ఆయన మనసులో ఏం నడుస్తోందో నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. నోరు విప్పితే ఆ పిల్ల నూరు పోతుంది, నలుగురిలో తలవంపులు. విప్పకపోతే తన స్నేహితుడు పోతాడు. ఇందులో ఆలోచించడానికేముంది అని మీరడగొచ్చు. నేనూ అడిగాను, తర్వాత, గొంతు చించుకుని. కానీ అక్కడ ఆ మనిషి నిజంగా ఆలోచించాడు. అంత ప్రేమ వాళ్ళది. ఆ ప్రేమని తలుచుకుంటే నాకిప్పటికీ భయమేస్తుంది.

"లోపలే ఉన్నాడమ్మా" అన్నాడు చివరికి. "కార్డు నేనే కొట్టేశాను."

నేను పెట్టిన కేకకి పెరడంతా తిరిగి చూసింది. "మా నాన్న లోపలున్నాడు!"

అక్క చప్పున తల దించింది. తలుపు వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. చేతిలోని తెర వైపు చూసింది. "ఇందులో లేడే" అంది.

అది ఒక్క రెప్పపాటు. వెంటనే తెర ఎక్కడ పడేసిందో, తలుపు వైపు పరుగెత్తింది. అగ్నిమాపకవాళ్ళు ఆమె నడుము పట్టుకుని వెనక్కి లాగాల్సొచ్చింది. ముసుగులు తొడుక్కున్న ఇద్దరు లోపలికెళ్ళారు. నాన్నని తలుపుకి కాస్త దూరంలో, గోడ పట్టుకుని పాకుతున్నట్టుగా పడి ఉండగా చూశామన్నారు. తీసుకొచ్చేటప్పుడు ఊపిరుంది. ఆసుపత్రిలో డాక్టరు ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పాడు, ఊపిరుందని. కళ్ళకి కట్లు కట్టారు. ఒక కన్ను రావచ్చన్నారు. గొంతు లోపల కాలిపోయింది కాబట్టి మాట సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

తెర సారు పళ్ళబుట్టతో వచ్చాడు. అక్కని వరండాలోకి పిలిచి మెత్తగా మాట్లాడాడు. ఇలాంటివి జరుగుతుంటాయని, పద్ధతిలో లోపం లేదని, వేరే ఊళ్ళో ఇంతకంటే పెద్ద స్టోరేజీ ఉందని, అక్కడ జట్టుకి ఆమే పెద్దగా ఉండాలని చెప్పాడు. విచారణకి ఇద్దరు అధికారులొస్తారు, కంగారుపడొద్దు అన్నాడు. అక్క ఏమన్నదో నాకు వినపడలేదు. లోపలికొచ్చి నాన్న పక్కన కూర్చుని, మాట్లాడకుండా ఆయన చేతిగోళ్ళు కత్తిరించడం మొదలుపెట్టింది.

అధికారులు వచ్చింది మధ్యాహ్నం పూట. కుర్చీలు లాక్కుని కూర్చున్నారు, వెంట వచ్చిన తెర సారు గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్న మాట్లాడలేడు కాబట్టి అవునైతే తల ఊపమన్నారు.

"కార్డు వాడటం మీకు నేర్పించారా?"

నాన్న తల ఊపాడు.

"బాగా అర్థమైందా?"

ఊపాడు.

"అయితే ఆ రోజు మీరే కార్డు తాకించి బయటికొచ్చి, మళ్ళీ తాకించకుండా లోపలికెళ్ళారు. అంతేనా?"

 ఆ మాటకి తల ఊపితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. తప్పు ఆయనదవుతుంది. వైద్యానికి కంపెనీ డబ్బు రాదు, ఉద్యోగం ఉండదు, ఇన్నేళ్ళ మంచిపేరు మీద అజాగ్రత్త మనిషి అన్న ముద్ర పడుతుంది. అక్క మీద మాత్రం ఈగ వాలదు. కట్ల కింద ఆ ముఖం ఎలా ఉందో తెలియలేదు. నెమ్మదిగా తల ఊపాడు.

"అది రాయకండి" అంది అక్క.

అధికారి కలం ఆపాడు. తెర సారు గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికేశాడు.

"అందరి కార్డులూ ఒకళ్ళే కొట్టేవాళ్ళు. ఎవరని అడగకండి. నేను చూశాను. తలుపు దగ్గర ఒక్కొక్కటే తీసి తాకిస్తుంటే నా కళ్ళతో చూశాను. ఆ మనిషి నన్ను చూసి ఆగిపోయాడు. నేను ఫోనొచ్చినట్టు చెవికి పెట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. అప్పటికి గీత నూరులో ఉంది. మర్నాడే చెప్పులు తీయించాను, ఆ వరస అక్కడుంటే లెక్క తేడా బయటపడుతుందని." ఆమె అమ్మ వైపు తిరిగింది. "శిక్షణలో చెప్పారని ఇంట్లో చెప్పాను. శిక్షణలో చెప్పిన మాటా నిజమే. నేను తీయించింది మాత్రం అందుకు కాదు."

అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నాకు మా అక్కని చెంప పగలగొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది కూడా. మా నాన్న రెండు కళ్ళూ తీసుకెళ్ళి ఆ గీత కింద పెట్టిందనిపించింది. అంతలోనే, ఆ ఒక్క వాక్యం చెప్పకపోతే ఈమె జీవితమంతా ఉద్యోగంలో పైకి ఎదిగేదని, చెప్పిందని, ఇంక ఎక్కడా ఎవరూ పని ఇవ్వరని కూడా తోచింది. లేచిన చెయ్యి ఎటు దించాలో తెలియలేదు.

నాన్న మంచం మీద కదిలాడు. అక్క గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, తల అడ్డంగా ఊపాడు. కాదు, కాదు అని. మెడ నొప్పితో మూలుగుతూ కూడా ఆపకుండా ఊపుతూనే ఉన్నాడు. ఆమె ఏమడిగినా చిన్నప్పటి నుంచీ సరేననే మనిషి, మొదటిసారి కాదంటున్నాడు. అది కూడా ఆమెను కాపాడటానికే.

అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇద్దరిలో ఎవరి మాట రాయమంటారు?" అని అడిగాడు వాళ్ళలో పెద్ద అధికారి, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియనట్టు.

"నాది" అంది అక్క.

నాన్న చెయ్యి దుప్పటి మీద ఆమె చేతి కోసం తడుముతోంది. ఆమె అందుకోలేదు. నేనూ అందుకోలేదు.